ఒక పుండుకు ఒకే పేరు

మా పెద్ద సిస్టర్ పోయారన్న కబురు నాకు వార్డులో ఉండగా తెలిసింది. పొద్దున డ్యూటీ మారే వేళ. ముందు డ్యూటీ చేసిన అమ్మాయి ఒక్కొక్క మంచం దగ్గర ఆగి రోగి సంగతి నాకు అప్పగిస్తోంది. ఆరో మంచం దగ్గర ఉండగా సెల్‌ఫోన్ మోగింది. గద్వాల నుంచి ఆమె తమ్ముడు. "అక్క పోయిందమ్మా. తెల్లారంగ పోయింది. ముందుగాల నీకే చెప్పమన్నది మా ఇంటామె" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని "చెప్పు, ఆరో మంచం" అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం చూసింది, కానీ చెప్పింది. మిగతా మంచాలన్నీ విన్నాకే సెలవు అడిగి గద్వాల బస్సెక్కాను. అప్పగింత సగంలో వదిలేసి వచ్చానంటే ఆమె పోయి కూడా ఊరుకునేవారు కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మేమెవరం ఆమెను ఎన్నడూ పేరుతో పిలవలేదు. రోగులకు సిస్టరమ్మ, డాక్టర్లకు సిస్టర్, మాకు పెద్ద సిస్టర్. వనపర్తిలో నలభై మంచాల చిన్న ట్రస్టు దవాఖాన మాది. నేను నర్సింగ్ చదువు ముగించి అక్కడ చేరే నాటికే ఆమె ఆ వార్డులో తల పండించుకున్నారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. రోగిని తాకే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చ చేసుకునేవారు. టీ ఎప్పుడూ నిలబడే తాగేవారు. మేం రాసిన కేసు కాగితాల్లో "నిన్నటిలాగే" అన్న మాట కనబడితే చాలు, నీలి సిరా పెన్నుతో ఒక గీత కొట్టి వెనక్కిచ్చేవారు.

"నిన్న నువ్వు చూసినవ్. ఇయ్యాల చూసినవా?" ఇదొక్కటే అడిగేవారు. మళ్లీ రోగి దగ్గరికి పోవాల్సిందే.

చదివేవారిలో ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్లకు పడక పుండు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. లేనివాళ్ల కోసం రెండు మాటలు. కదలలేని మనిషి ఒకే పక్కన గంటల తరబడి ఉంటే, ఎముకకూ పరుపుకూ మధ్య చిక్కుకున్న తోలుకు రక్తం అందదు. అక్కడ ఒళ్లు చచ్చిపోతుంది. నడుము కింద, తుంటి పక్కన, మడమల మీద ఎక్కువగా వస్తుంది. మా దిక్కు నుంచి బొంబాయికి, పూనాకు కట్టడం పనులకు పోయి, పైనుంచి పడి వెన్ను విరిగి తిరిగొచ్చినవాళ్లు మా వార్డులో ఎప్పుడూ ఒకరిద్దరు ఉండేవారు. పక్షవాతం వచ్చినవాళ్లు సరేసరి.

లింగాల నుంచి వచ్చిన బాలస్వామి అలాంటివాడే. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. రెండెకరాల మెట్ట పండకపోతే భార్య నాగమ్మను తీసుకుని బొంబాయి పోయాడు. మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. అక్కడొక దవాఖాన, దారిలో ఒకటి, ఊరికొచ్చాక ఇంకొకటి తిరిగి, జీపులో వెనక సీటు తీసేసి పడుకోబెట్టి మా దగ్గరికి తెచ్చారు. ఆ రోజు చేర్చుకున్నది నేనే. పక్కకు తిప్పి చూస్తే నడుము కింద నల్లటి పొక్కు, అరచేయంత. పొడిగా, గట్టిగా ఉంది. చీము లేదు, వాసన లేదు. "చిన్న పుండు, పొడిగా ఉంది" అని కాగితం మీద రాశాను. నాకు అది అప్పుడు నిజంగానే చిన్నదిగా కనబడింది.

నాలుగో రోజు జ్వరం పట్టుకుంది. ఐదో రోజు ఆ నల్ల పొక్కు అంచులు లేచి వాసన మొదలైంది. సర్జన్ గారు చచ్చిన ఒళ్లంతా కోసి తీసేస్తే కింద పిడికిలి పట్టేంత గుంత. అడుగున ఎముక తెల్లగా కనబడింది.

సర్జన్ గారిది కర్నూలు. చేయి ఎంత మెత్తనో నోరు అంత కటువు. చేతులు కడుక్కుని బయటికొచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్న నాగమ్మను చూసి, "ఇంత దాకా ఏం చేస్తున్నావమ్మా? ఇంట్లో తిప్పి పడుకోబెట్టలేదా?" అని గట్టిగా అన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్ద సిస్టర్ అక్కడే ఉన్నారు. "సార్, జర ఆగున్రి" అన్నారు. బాలస్వామి వెంట వచ్చిన కాగితాలన్నీ తెచ్చి డ్యూటీ గదిలో బల్ల మీద పరిచారు. ఒకదాని వెనక ఒకటి పైకి చదివారు. మొదటి దాంట్లో "తోలు కందింది". రెండో దాంట్లో "బెడ్‌సోర్, మామూలుది". మూడో దాంట్లో "పుండు మంచిగ ఉంది". నాలుగోది నాది.

"నలుగురం చూసినం సార్. పుండు ఒక్కటే. మాటలు నాలుగు. ఇది మొదటి నుంచి ఇంత లోతు ఉన్నదా, మన దగ్గరికొచ్చినంక పెరిగిందా? ఈ కాగితాలు చూసి మీరు చెప్పగల్గుతరా?"

సర్జన్ గారు కాగితాలు తిప్పి తిప్పి చూశారు. "చెప్పలేను" అన్నారు.

"మరి బయట కూసున్న ఆ పిల్లను ఎట్ల అడుగుతరు?"

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టేశారు. పోతూ పోతూ నాగమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, "భోజనం చేశావా అమ్మా" అని అడిగి పోయారు. క్షమాపణ అడగడం ఆయనకు అంతకంటే రాదు.

నన్ను పెద్ద సిస్టర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం పిలిచి, "నల్ల పొక్కు కింద ఏమున్నదో నీకు కనబడిందా?" అని అడిగారు. లేదన్నాను. "కనబడనిది ఎట్ల రాసినవ్ చిన్నదని? తెల్వకపోతే తెల్వదని రాయి. అది రాసుడు సిగ్గు గాదు." ఆ మాట నేను ఈనాటికీ కొత్తగా చేరే ప్రతి పిల్లకూ మొదటి రోజే చెబుతాను.

ఆ నెలలోనే హైదరాబాద్‌కు శిక్షణకు పోయొచ్చిన ఒక సిస్టర్ చేత ఆమె ఒక నర్సింగ్ పుస్తకంలోని పేజీలు జిరాక్సు తెప్పించుకున్నారు. ఈ పుండ్లను లోతును బట్టి నాలుగు దశలుగా విడదీసి అందరూ ఒకే పేర్లతో రాయాలని అందులో ఉంది. ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వాక్యం చదివించి, మా ఆయాలకు కూడా అర్థమయ్యే తెలుగులోకి దించారు. మొదటి దశ: తోలు చిరగలేదు, ఎర్రబడింది, వేలితో ఒత్తి వదిలితే రంగు మారదు (మంచి తోలైతే పాలిపోయి మళ్లీ రంగు పట్టాలి). రెండో దశ: పై తోలు పోయింది. మూడో దశ: కొవ్వు దాకా పోయింది. నాలుగో దశ: కండ, ఎముక దాకా పోయింది. వీటికి పక్కన ఐదో మాట ఒకటి, నల్ల పొక్కు కప్పి ఉంటే రాయాల్సింది: లోతు తెలియదు. ఐదింటినీ ఒక పెద్ద అట్ట మీద రాసి డ్యూటీ గది గోడకు కొట్టారు.

గోడకు కొట్టడం తేలిక. అందరిచేత రాయించడమే కష్టమైంది. ఒక శనివారం మధ్యాహ్నం ఓపీ అయిపోయాక డాక్టర్లనూ నర్సులనూ హాలులో కూర్చోబెట్టారు. ఆమెకు ఆ అధికారం ఉందో లేదో మాకెవరికీ తెలియదు. పిలిచారు, అందరూ వచ్చారు.

సర్జన్ గారే మొదలుపెట్టారు. "పేరు మారిస్తే పుండు మానుతుందా సిస్టర్? నాకు కోయాల్సింది ఎంత ఉందో నేను కళ్లతో చూసుకుంటాను."

"మానదు సార్. కానీ మీరు రాని నాడు గూడ పుండు ఉంటది. ఆ నాడు చూసేది మేము. మేము చూసింది మీకు తెల్వాలె గద."

మందులిచ్చే పెద్ద డాక్టర్ గారు పాత కాలం మనిషి, వనపర్తివారే. నెమ్మదస్తుడు. "బెడ్‌సోర్ అంటే దునియా అంతా తెలుస్తది. ఉన్న నర్సులే తక్కువ. వాళ్లు రోగుల్ని చూస్తరా, ఈ రాత పని చేస్తరా?" అన్నారు. ఆ మాట నిజమే. మా నర్సుల్లో చాలామంది తలలూపారు. పెద్ద సిస్టర్ ఒప్పుకున్నారు కూడా. "తక్కువనే సార్. అందుకనే ఒక్క మాట కావాలె. ఇప్పుడు నాలుగు లైన్లు రాస్తున్నరు, ఒక్కటి అర్థమైతలేదు. మూడో దశ అని రాస్తే రెండు మాటలల్ల అయిపాయె."

వెనక నుంచి ఒక సిస్టర్ లేచింది. పేరు రాయను, ఇప్పటికీ నా స్నేహితురాలే. "మూడో దశ అని రాస్తే, ఇంత దాకా నువ్వేం జేసినవ్ అని మమ్మల్నే అడుగుతరు సిస్టర్. పుండు అని రాస్తే ఎవరు అడగరు" అంది. అందరి మనసులో ఉన్నదీ అదే. డాక్టర్లకు విసుగు అడ్డమైతే మాకు భయం అడ్డం.

పెద్ద సిస్టర్ ఆమె వైపు తిరిగారు. "అడుగుతరు. నిజమే. ముందు నన్ను అడుగుతరు, ఎందుకనంటే కింద నా సంతకం ఉంటది. మీరు కనబడింది రాయున్రి. మాట పడేది నేను పడ్త" అన్నారు. తర్వాత మూడేళ్లలో రెండుసార్లు అలా మాట పడే సందర్భం వచ్చింది. రెండుసార్లూ ఆమె ఒక్కరే ఆఫీసు గదిలోకి పోయి వచ్చారు. లోపల ఏం జరిగిందో మాకు చెప్పలేదు. మేం రాయడం మానలేదు.

ఆ మీటింగులోనే ఒక మాట మీద పెద్ద వాదన నడిచింది. పడక పుండు అనాలా, ఒత్తిడి పుండు అనాలా అని. సిమెంటు కట్టు ఒరుసుకున్న దగ్గర, చక్రాల కుర్చీలో కూర్చున్న దగ్గర కూడా ఇదే పుండు వస్తుంది కదా, మరి పడక ఎక్కడుంది అని పెద్ద డాక్టర్ గారే అన్నారు. అప్పటిదాకా పేర్ల మీద విసుక్కున్న మనిషి ఆ ఒక్క ప్రశ్న దగ్గర ముందుకు వంగి కూర్చున్నారు. పెద్ద సిస్టర్ అట్ట మీద పైన రాసిన పేరు కొట్టేసి ఒత్తిడి పుండు అని రాశారు. "మంచం ఏం జేసింది పాపం" అన్నారు. అందరం నవ్వాం. ఆ మీటింగు ఒప్పందం ఏమీ లేకుండానే ముగిసింది. కానీ సోమవారం నుంచి రాయడం మొదలైంది.

పుస్తకంలో ఉన్న ప్రతి మాటా మాకు సరిపోలేదు. మొదటి దశకు గుర్తు ఎరుపు అని ఉంది. ఒక రోజు అలంపూర్ నుంచి వచ్చిన ముసలామెను తిప్పి చూసి నేను "ఎరుపు లేదు, ఏమీ లేదు" అని చెప్పాను. ఎండలో చేను పని చేసిన ఒళ్లు, నిగనిగలాడే నలుపు. పెద్ద సిస్టర్ తన చేతి వెనక వైపుతో ఆమె తుంటి మీద తాకి, పక్కన ఇంకో చోట తాకి, నా చేయి తీసుకుని అలాగే తాకించారు. ఒక చోట వేడి. ఒత్తితే కొంచెం గట్టి. ముసలామె "అక్కడనే మంట బిడ్డా" అంది.

"పుస్తకం రాసినోళ్లు తెల్ల తోలును చూసి రాసిన్రు. మన దిక్కు తోలుకు ఎరుపు ఎక్కడ కనబడుతది? చేతితోటి చూడాలె" అన్నారు. అట్ట మీద మొదటి దశ పక్కన ఇంకో వాక్యం చేరింది: పక్కల కన్నా వేడిగా, గట్టిగా, నొప్పిగా ఉందేమో తాకి చూడాలి, రోగిని అడగాలి.

బాలస్వామి మా వార్డులో నాలుగు నెలలు ఉన్నాడు. రెండు గంటలకోసారి తిప్పడం నాగమ్మ నేర్చుకుంది. గుడ్లు, పల్లీలు, పప్పు పెట్టమన్నారు, ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టింది. గుంత పూడుతూ వచ్చింది. మేం కూడా కాగితాల మీద నాలుగో దశ, మూడో దశ అని తగ్గించుకుంటూ రాశాం. ఇంటికి పంపే రోజుకు రూపాయి బిళ్లంత పచ్చి మిగిలింది. "రెండో దశ" అని రాసి, పెద్ద సిస్టర్ సంతకం పెట్టి పంపారు. వార్డంతా గుమ్మం దాకా వచ్చి సాగనంపాం.

రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఊళ్లో మందులిచ్చే ఆయన ఆ కాగితం చూసి, "రెండో దశనే గద, పై తోలు పోయింది గంతే, కూసోబెట్టొచ్చు" అన్నాడట. బాలస్వామికీ కూర్చోవాలనే ఉంది. ఇంటి ముందు చిన్న దుకాణం పెట్టుకున్నాడు. పొద్దంతా అక్కడే కూర్చునేవాడు. పుండు పాత చోటే లోపల నుంచి చిట్లింది.

నాగమ్మ ఈసారి ఏడవలేదు, కోపంగా ఉంది. కాగితం పెద్ద సిస్టర్ ముందు పెట్టి, "మీరు రాసిందే చేసినం సిస్టరమ్మా" అంది.

సర్జన్ గారు పుండు చూసి డ్యూటీ గదిలోకి వచ్చి గోడ మీది అట్ట ముందు నిలబడ్డారు. నేను చెప్పలేదా అంటారనుకున్నాం. ఆయన ఆ మాట అనలేదు. "సిస్టర్, మీ అట్ట మంచిదే. మనం చదివిన తీరే తప్పు. నాలుగు, మూడు, రెండు అని దిగుకుంటూ వచ్చాం. లోపల పోయిన కండ తిరిగి రాలేదు. ఆ గుంతను మచ్చ నింపింది. మచ్చకు కండ బలం ఉండదు. రెండో దశ పుండుకు కింద కండ మొత్తం ఉంటుంది, ఇతనికి లేదు. రెండింటికీ ఒకే పేరు ఎలా పెడతాం?" అన్నారు.

పెద్ద సిస్టర్ చేతిలో టీ గ్లాసు ఉంది. పక్కన పెట్టారు. "అయితే ఏం రాయాలె సార్?"

"నాలుగో దశ, మానుతోంది. పూర్తిగా మూసుకుంటే నాలుగో దశ, మానింది. ఎప్పటికీ నాలుగే."

మర్నాడు పొద్దున అప్పగింత వేళ ఆమె నర్సులనూ ఆయాలనూ అందరినీ నిలబెట్టారు. "తప్పు నాది. నేను నేర్పిన మాటనే మీరు రాసిన్రు. బాలస్వామికి మల్ల పుండు అయ్యింది నా సంతకం ఉన్న కాగితం తోటి" అన్నారు. ఏం రాయాలో చెప్పి, అట్ట దిద్దారు. ఆ తర్వాత నాగమ్మ దగ్గరికి పోయి, నేల మీద ఆమె పక్కన కూర్చుని, అదే మాట మళ్లీ చెప్పారు. నాగమ్మ "మల్ల మానుతదా?" అని అడిగింది. "మానుతది. కానీ ఈసారి కూసునే లెక్క వేరే నేర్పిస్త" అన్నారు. నేర్పించారు. కాసేపటికోసారి చేతుల మీద ఆనుకుని నడుము పైకి లేపడం, కింద గాలి దిండు, రోజూ అద్దం పెట్టుకుని చూసుకోవడం. బాలస్వామి దుకాణం ఇప్పటికీ నడుస్తోంది.

అంతటితో ఆమె ఆగలేదు. ఆ ఆరు నెలల రిజిస్టరు తిరగేయించారు. దశ తగ్గించి రాసి పంపినవాళ్లు ఇంకా ఇద్దరు తేలారు. ఒకాయన నాగర్‌కర్నూల్‌లో, పక్కింట్లో ఫోన్ ఉంది. పిలిపించి చెప్పారు. రెండో ఆమె ఇటిక్యాలలో ఉంది. తుంటి విరిగిన ముసలామె. ఫోన్ లేదు. ఆదివారం సెలవు నాడు నన్ను వెంట రమ్మన్నారు. పెబ్బేరులో బస్సు మారి, కృష్ణ దాటి, ఎర్రవల్లి దగ్గర దిగి ఆటో ఎక్కాం. వేరుశనగ పీకే రోజులు. ఊళ్లో ఇళ్లన్నీ ఖాళీ. ముసలామె కొడుకును చేనులోంచి పిలిపించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

అతను భయపడిపోయాడు. దవాఖాన నుంచి ఇద్దరు ఇంటికి రావడమంటే ఏదో అయిందనుకున్నాడు. పెద్ద సిస్టర్ కాగితం అడిగారు. మడతలు పెట్టి దేవుడి పటం వెనక దాచిన కాగితం తెచ్చాడు. మొదటి దశ అని ఉన్న చోట గీత కొట్టి, పక్కన సరిగా రాసి, సంతకం చేసి, అతనికి చదివి వినిపించారు.

"గీ ఒక్క మాటకు గింత దూరం వచ్చిన్రా అమ్మా?"

"అమ్మను ఎంతసేపు కూసోబెడుతున్నవ్?"

"పొద్దంత. మానింది గద అని."

"గందుకే వచ్చినం."

ముసలామెను తిప్పి చూశాం. మచ్చ ఇంకా చిట్లలేదు, అంచున వేడి మొదలైంది. కొడుకు చేత తాకించారు, కోడలి చేత తాకించారు. వచ్చేటప్పుడు వాళ్లు సంచి నిండా పచ్చి వేరుశనగకాయలు పోశారు. బస్సులో ఆమె ఒక్కటీ ఒలవలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. పెబ్బేరు దగ్గర పడుతుండగా, "మా నాయన మగ్గం మీద పోగు తెగితే ఎక్కడ తెగిందో సరిగ్గ చెప్పకపోతే కసిరేటోడు. ఎందుకు గంత కోపమో అప్పుడు తెల్వలే" అన్నారు. తన ఇంటి సంగతి ఆమె నాతో చెప్పింది ఆ ఒక్కసారే. చిన్న వయసులోనే భర్త పోతే, గద్వాలలో నేత పని చేసే పుట్టింటి నుంచి నర్సింగ్ చదువుకు వచ్చారని మిగతావాళ్లు చెప్పగా విన్నాను.

రిటైరయ్యాక గద్వాలలో తమ్ముడి ఇంటికి పోయారు. ఏడాదిన్నర తిరక్కుండానే పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయింది. నేను చూడ్డానికి పోయేసరికి మగ్గం ఉన్న గదిలోనే ఆమె మంచం వేసి ఉంది. తమ్ముడి భార్య చీర నేస్తూనే మధ్యమధ్య లేచి ఆమెను తిప్పుతోంది. ఆ ఇల్లాలికి చదువు లేదు. వదినె చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలుసు.

పెద్ద సిస్టర్ ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని తన ఒంటి వైపు చూపించారు. చూడమని. వీపు, నడుము, తుంట్లు, అన్నీ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. కుడి మడమ దగ్గర ఆగిపోయాను. అక్కడ నలుపు ముదిరింది. ఒత్తి వదిలాను. రంగు మారలేదు. వేడిగా ఉంది.

నా నోరు నా మాట వినలేదు. "ఏం లేదు సిస్టర్. మంచిగుంది" అన్నాను.

ఆమె నా వైపు చూశారు. ఒక పక్కే కదిలే పెదవులతో, ముక్కలు ముక్కలుగా, "సరిగ్గ... చెప్పు" అన్నారు.

కళ్లు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాను, వార్డులో నిలబడినట్టు. "కుడి మడమ. మొదటి దశ. తోలు చిరగలేదు. ఒత్తితే రంగు మారుతలేదు. పక్కల కన్న వేడిగుంది. రూపాయి బిళ్లంత."

ఆమె కళ్లు మూసుకుని తెరిచి, తల ఊపారు. పాఠం ఒప్పజెప్పాక ఊపే తీరులోనే. మగ్గం దగ్గర నుంచి తమ్ముడి భార్య లేచి వచ్చి, "నేను సరిగ్గ చూసుకోలేదా వదినె? నా తప్పేనా?" అని ఏడ్చేసింది. పెద్ద సిస్టర్ ఎడమ చేయి గాలిలో అడ్డంగా ఊపారు. "తప్పు... గాదు. పేరు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "పేరు తెలిస్తె... పని తెలుస్తది."

పని నేను చూపించాను. పాత నూలు చీర మడత పెట్టి పిక్క కింద ఉంచితే మడమ పరుపుకు తగలకుండా ఉంటుంది. ఆ ఇల్లాలు ఒకసారి చూసి, తన చేతులతో నాలుగుసార్లు చేసి చూపించింది. తర్వాత ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేది. "రంగు మారుతలేదు ఇంకా. వేడి తగ్గింది." మరో వారం, "ఒత్తితే జర మారుతున్నది." మూడో వారం గొంతు వెలిగిపోతూ, "మారుతున్నదమ్మా, మంచిగ మారుతున్నది. వేడి లేదు, గట్టి లేదు" అంది. కొందరు డాక్టర్ల కాగితాల్లో కూడా నేను అంత స్పష్టమైన మాట చదవలేదు.

గుండె ఆగి పోయారు. ఆ మాట కూడా ఆమె సరిగ్గా రాయమనేవారు గనక రాస్తున్నాను.

నేను గద్వాల చేరేసరికి ఇంటి నిండా జనం. స్నానం చేయించి, నూలు చీర కట్టి, ముందరి గదిలో నేల మీద చాప పరిచి పడుకోబెడుతున్నారు. తమ్ముడి భార్య జనాన్ని తోసుకుంటూ లోపలి నుంచి వచ్చింది. చేతిలో మడత పెట్టిన పాత చీర ఉంది. కాళ్ల దగ్గర కూర్చుని, పిక్కలు మెల్లగా ఎత్తి, ఆ మడత కిందికి జరిపింది. పక్కనున్న ముసలామె ఒకామె, "ఇంకెందుకు బిడ్డా అది?" అంది.

ఆ ఇల్లాలు తన పని ఆపలేదు. అరచేయి చాపకూ మడమలకూ మధ్య పెట్టి అటు నుంచి ఇటు జరిపి చూసింది. మడమలు చాపకు ఎక్కడా తగలలేదు. అప్పుడు చేయి తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ కాళ్ల పక్కనే కూర్చుంది.